యుద్ధవిమాన ప్రతిమ: దాని బరువు, దాని బలము

(పట్టణ పఠనమందిరమున జరిగిన సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మందిరపు వసారాలో బల్లపై నుంచిన వస్తువును మీరందఱును లోనికి వచ్చుచు చూచియే యుందురు. దాని రెక్కల నిడివి ఎనిమిది అడుగుల రెండంగుళములు. మన ద్వారబంధమున అది పట్టకపోవుటచే రెక్కలను విప్పి, ముక్కలుగా తెచ్చి, మరల బిగింపవలసివచ్చినది. చూచిన ప్రతివారును మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీని ఇంజను ఎన్ని గుఱ్ఱముల బలము గలది?" పిల్లలు అడిగిరి, ప్లీడరుగారు అడిగిరి, బియ్యపుమిల్లు యజమానిగారును అడిగిరి. "దీని బరువెంత?" అని మాత్రము ఒక్కరును అడుగలేదు. ఇందు మిమ్ము తప్పుపట్టుట లేదు. మూడేండ్ల క్రిందట మేము కొందరము మిత్రులము కలిసి ఈ పనికి పూనుకొన్నప్పుడు మేమును బలమునే ముందడిగితిమి. బరువును వెనుక అడిగితిమి. అందుచేతనే మా మొదటి విమానము నేలపాలైనది. విమానము మాత్రమే పోవుట మా యదృష్టము. ఆ సంగతి చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాము. కాని అది బోధపడుటకు ముందు ఈ విద్య యెట్టిదో కొంత విన్నవింపవలసి యున్నది.

దీనిని పలువురు "బొమ్మ విమానము" అనుచున్నారు. చూపునకు బొమ్మయే, పనికి మాత్రము బొమ్మ కాదు. ఇట్టి పెద్ద ప్రతిమలను కట్టువారి సంఘ మొకటి అమెరికాలో కలదు. ఆ సంఘమువారి లెక్క ప్రకారము ఒంటిరెక్క విమానమైనచో రెక్కల నిడివి 80 అంగుళములకును, జంటరెక్క విమానమైనచో 60 అంగుళములకును తక్కువ కారాదు. లేదా అసలు విమానమున నాలుగవ వంతైనను ఉండవలయును. అట్టివానినే "జెయంట్ స్కేల్" అని పిలుతురు. ఈ పెద్దతనమునకు పైన ఒక హద్దు కూడ కలదు. అమెరికాలో 55 పౌనులు దాటినచో వేఱు నియమములు వర్తించును. మన దేశమున 2021లో వెలువడిన డ్రోను నియమములు, చదువునకో పరిశోధనకో వినోదమునకో కంటికి కనబడునంత దూరముననే ఎగురవేయు ప్రతిమకు 25 కిలోగ్రాముల హద్దు నిర్ణయించినవి. రెండు దేశములవారును వేర్వేరు తూనికలతో ఇంచుమించు ఒకే గీత గీచినారు. ఆ గీత ఏల గీయవలసివచ్చినదో మాకు పుస్తకములు చెప్పకమునుపే ఒక బీడుభూమి చెప్పినది.

తీగ లేకుండ దూరమునుండి యంత్రమును నడపుట పాశ్చాత్యుల సొత్తని మన యువకులు కొందరు తలచుచుందురు. 1890ల నడిమిభాగమున కలకత్తా పురమందిరమున జగదీశచంద్ర బోసుగారు అదృశ్య విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, అవతలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందు నంటించి చూపిరి. 1898లో నికోలా టెస్లాగారు న్యూయార్కున తొట్టినీటిలో చిన్న పడవను తీగ లేకుండ ఇష్టమువచ్చిన దిక్కునకు త్రిప్పి జనులను విభ్రాంతులను చేసిరి. గాలిలో ఎగురు ప్రతిమకు ఈ విద్య అబ్బినది 1937 ప్రాంతమున. మిషిగన్ రాష్ట్రమున వాల్టరు గుడ్, విలియం గుడ్ అను సోదరులు తాము కట్టిన "గఫ్" అను విమానమును రేడియోతో నడపిరి. ఆ "గఫ్" నేడు స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలవారి యధీనమున భద్రముగా నున్నది. అదే కాలమున రెజినాల్డు డెన్నీ అను ఆంగ్లేయ సినిమా నటుడు హాలీవుడ్డున ప్రతిమల దుకాణము పెట్టి, ఆ విద్యతోనే సైన్యమునకు గుఱి అభ్యాసమునకై రేడియో విమానములను తయారుచేయ మొదలిడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్టివి సుమారు 15,000 తయారైనవట. ఆ కర్మాగారమున పనిచేయు నొక పడుచు ఛాయాచిత్రము 1945లో ఒక సైనికుడు తీసెను. ఆ పడుచే పిమ్మట మార్లిన్ మన్రో అను పేర లోకప్రసిద్ధురాలయ్యెను. ఇది మన విషయమునకు అవసరము కాదు గాని, వసారాలోని యువకులు కొంత శ్రద్ధగా వినుటకు పనికివచ్చినది.

ఇక మేము ఎన్నుకొన్న విమానము సంగతి. ఇది అమెరికావారి రిపబ్లిక్ కంపెనీ నిర్మించిన పి-47 థండర్‌బోల్టు. దీని నిర్మాణశిల్పి అలెగ్జాండరు కార్ట్వెలి, జార్జియా దేశమునందలి త్‌బిలిసీ పట్టణమున జన్మించినవాడు. మొదటి నమూనా 1941 మే 6వ తేదీన ఎగిరినది; పిమ్మట 15,600లకు పైగా తయారైనవి. పదునెనిమిది సిలిండర్లు రెండు చుట్లుగా పేర్చిన 2,000 గుఱ్ఱముల బలముగల ఇంజను ముందు భాగమునను, దానికి గాలి నందించు పెద్ద టర్బో యంత్రము వెనుక భాగమునను ఉండుటచే, ఈ విమానము కడవవలె లావుగా నుండును. సొగసుకాండ్రు స్పిట్‌ఫైరును మెచ్చుకొందురు. మా కన్నులకు ఈ కడవయే నచ్చినది.

నచ్చుటకు మఱియొక హేతువు కలదు. ఆ యుద్ధకాలమున బ్రిటిషు వైమానిక సేనలోని 79వ దళమునకు "మదరాసు రాజధాని దళము" అను పేరుండెను. నాడు సర్కారు జిల్లాలును రాయలసీమయు ఆ రాజధానిలోనివే గదా. ఆ దళము 1944లో హరికేను విమానములను విడిచి థండర్‌బోల్టులను చేకొని బర్మాలో పోరాడినది. అంతకు రెండేండ్లు ముందు, 1942 ఏప్రిల్ 6వ తేదీన, విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపానువారి బాంబులు పడుట మన పెద్దలు చెప్పగా వినియుందురు. రంగూనునుండి కాలినడకను వచ్చిన తెలుగు కూలీల కథలు మన ఇండ్లలో ఇంకను మాసిపోలేదు. కావున బర్మాపై ఎగిరిన ఆ దళపు రంగులనే మా ప్రతిమకు వేయ నిశ్చయించితిమి. ఇందుపై మాలో మాకే వాదము పుట్టినది. పరాయి ప్రభుత్వపు దళచిహ్నమును మనమేల పూసుకొనవలె నని ఒక మిత్రుడు. పేరు మనది, యుద్ధనిధికి వసూలైన డబ్బు మనది, చిహ్నము మాత్రము పరాయిదెట్లగు నని మఱియొక మిత్రుడు. రెండు రాత్రులు వాదించితిమి. చరిత్రలో నున్నదానిని ఉన్నట్లే పూయవలయు నని తుదకు తేలినది. మీరు చూచిన ముదురు నీలపు, లేత నీలపు వలయములు ఆ రంగస్థలమునకే ప్రత్యేకములు. తక్కిన చోట్ల బ్రిటిషు గుఱుతులో ఎఱ్ఱని చుక్క యుండును. జపానువారి ఎఱ్ఱని సూర్యబింబముతో పొరబడి తమవారే తమవారిని కాల్చుదు రను భయముచే అచట దానిని తీసివేసిరి. ముక్కుపైనను, రెక్కలపైనను, తోకపైనను గల తెల్లని పట్టీలును అందులకే.

ఇప్పుడు లెక్కకు వత్తము. లెక్క యనగానే వెనుక బల్లలవారు లేచిపోవలదు. ఇది అంగడి లెక్కకంటె కష్టము కాదు. మా ప్రతిమ అసలుదానిలో అయిదవ వంతు. అసలుదాని రెక్కల నిడివి నలువది అడుగుల తొమ్మిదంగుళములు. అందు అయిదవ వంతు మాది. నిడివి అయిదవ వంతైనచో రెక్క వైశాల్యము ఇరువదియైదవ వంతగును: మున్నూఱు చదరపుటడుగులకు బదులు పండ్రెండు. ఘనపరిమాణము నూట యిరువదియైదవ వంతగును; బరువు కూడ ఆ ప్రకారమే తగ్గవలయును. అసలు విమానము నిండు బరువు 17,500 పౌనులు. దాని నూట యిరువదియైదవ వంతు 140 పౌనులు, అనగా అరువదిమూడు కిలోగ్రాములకు పైమాట. వట్టి విమానము బరువు సుమారు 10,000 పౌనులు. దానిని తగ్గించినను 80 పౌనులగును. చట్టము ఒప్పునది 55. చూచితిరా! నిజమైన విమానమును నిజముగనే అయిదవ వంతునకు దింపినచో అది చట్టమునకును మించును, మన నేలకును మించును. కావున ప్రతిమను కట్టువాడు ఆకారమును అసలుదానినుండి తీసికొని, బరువును మాత్రము తన బుద్ధినుండి తీసికొనవలయును. మీరు చూచిన విమానము ఇరువది కిలోల ఐదువందల గ్రాములు, 45 పౌనులు. చదరపుటడుగు రెక్కకు నాలుగు పౌనులైనను మోపు లేదు. అసలుదానికి నిండు బరువున ఏబదియెనిమిది.

అంత తేలికదనమేల యని అడుగవచ్చును. విమానమును అయిదవ వంతునకు తగ్గింపవచ్చును గాని గాలిని తగ్గింపజాలము. చిన్నరెక్క అదే గాలిలో ఎగురునప్పుడు పెద్దరెక్క చూపు ఓర్పును చూపదు. మెల్లగా పోయినచో ముందుగానే పట్టు వదలివేయును. దిగునప్పుడు మెల్లగా దిగవలయును, దిగుటకు మనకున్నది సిమెంటు దారి కాదు, దున్ని చదును చేసిన మన్ను. బరువు పెరిగినకొలది దిగు వేగము పెరుగును. వేగము పెరిగినకొలది చక్రపు కాళ్ళు విరుగును. ప్రతిమను చూచువారి కంటికి అసలు విమానమువలె కనబడుటకు గంటకు ఎనుబది, తొంబది మైళ్ళు చాలును. అంతకు మించిన వేగమును కోరువాడు యుద్ధవిమానమును గాక వేఱొకదానిని కట్టుకొనుట మేలు.

కట్టుటను గూర్చి. అస్థిపంజరము బాల్సా కఱ్ఱతోను పలుచని ప్లైవుడ్డుతోను చేసినది. బాల్సా దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమునుండి వచ్చును. అది యొకే చెట్టు కఱ్ఱయైనను ఒక పలకకును మఱియొక పలకకును బరువు ఇబ్బడియైనను ఉండవచ్చును. మొదటిసారి వచ్చిన పలకలను వచ్చినట్లే వాడితిమి. రెండవసారి ప్రతి పలకను కంసాలి త్రాసులో తూచి, దానిపై పెన్సిలుతో బరువు వ్రాసి, మిక్కిలి తేలికైనవానిని తోకకును, గట్టివానిని రెక్క దూలములకును ఏర్పరచితిమి. మాకు సాయపడిన వడ్రంగి మేస్త్రి ఆరునెలలు ఈ తూనికలను చూచి నవ్వుచుండెను. పిదప తానే త్రాసు అడిగి పుచ్చుకొనెను. "పలుచని పలకకు బలము పలకలో లేదు బాబుగారూ, అతుకులో ఉన్నది" అని ఆయన చెప్పిన మాట మాకు ఏ గ్రంథమునను దొరకలేదు. రెక్కకు పక్కటెముకలవంటి పలకలు నిలిపి, వానిపై అంగుళములో పదియవ వంతు మందమైనను లేని బాల్సా తొడుగు కప్పి, దానిపై గాజునార గుడ్డను జిగురుతో పరచి, ఇసుకకాగితముతో రుద్ది, మరల రుద్ది, అటుపైని రంగు. రంగు కూడ బరువే! మొదటి విమానమునకు మూడు పొరల రంగు వేసి మురిసితిమి. ఆ మురిపెము అరకిలోకు తక్కువ లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తూకపు బిందువు. కావడి మోయువాడు ముందు కుండకును వెనుక కుండకును నడుమ భుజముపై బద్దను ఎక్కడ నుంచవలెనో ఎఱుగును. విమానమునకు ఆ భుజము రెక్కలో ముందునుండి సుమారు నాలుగవ వంతు దగ్గర నుండవలయును. మా విమానమున అచటినుండి ఇంజను బిగించు పలకకు ఇరువది అంగుళములు, తోకకు ఏబదియైదు. అనగా తోకలో నూఱు గ్రాములు పెరిగినచో ముక్కులో 275 గ్రాముల సీసము వేసిన గాని సరిపడదు. థండర్‌బోల్టు ముక్కు పొట్టిది. ఆ విధమైన విమానములను కట్టినవారందఱును సీసమును శపించుచునే యుందురు. తోకలో సోమరితనమునకు ముక్కులో జరిమానా, అదియు రెండున్నర రెట్లకు పైగా!

ఇక మీరందఱు ఎదురుచూచుచున్న ఇంజను. యాబదియేండ్ల క్రిందట ఇంత పెద్ద ప్రతిమలకు తగిన ఇంజను దొరకకుండెను. చెట్లు కోయు రంపపు ఇంజనులను, గడ్డి కోయు యంత్రముల ఇంజనులను తెచ్చి ప్రతిమలకు బిగింప మొదలిడిన పిదపనే ఈ విద్య పెరిగినది. నేడు దీనికై ప్రత్యేకముగా చేసినవి దొరకును. మాది రెండు సిలిండర్ల, నూఱు ఘనసెంటీమీటర్లకు కొంచెము పైబడిన పెట్రోలు ఇంజను. మోపెడ్డు ఇంజనువలె పెట్రోలులో నూనె కలిపి పోయవలయును. ఇరువదియేడంగుళముల ప్రొపెల్లరును నిమిషమునకు ఆరువేల అయిదువందల చుట్లు త్రిప్పును. ఈ అంకె విని ఊరకుండవలదు. ఆ వేగమున ప్రొపెల్లరు కొన గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోవుచుండును. తిరుగునప్పుడు అది కంటికి కనబడదు. కనబడని కత్తికి వ్రేలు తెలియదు, చేయి తెలియదు. మేము దాని ప్రక్కకు ఎన్నడును పోము. వెనుకనుండియే కార్బ్యురేటరు మరలు సవరింతుము. తోకను త్రాటితో గుంజకు కట్టిన గాని ఇంజను నడుపము.

థండర్‌బోల్టు గుండ్రని పెద్దముఖము ఇంజను దాచుటకు చాల అనుకూలము. కాని దాచినదానికి గాలి అందదు. ముందు వచ్చిన గాలి ఇంజను రేకులను తాకకుండ ప్రక్కలనుండి జారిపోవుచుండెను. అందుకై లోపల పలుచని రేకుతో అడ్డుగోడలు కట్టి, గాలి సిలిండర్ల మీదుగనే పోవునట్లు చేసితిమి. వచ్చు ద్వారముకంటె పోవు ద్వారము రెండు రెట్లైనను పెద్దదిగా నుండవలయును. వేడెక్కిన గాలికి చోటు ఎక్కువ కావలయును గదా. ఇది తెలియక మొదట్లో ఒక పిస్టను కాల్చుకొంటిమి.

స్పార్కుప్లగ్గు మఱియొక చిక్కు. బోసుగారి నాట తరంగములను పుట్టించినది విద్యుత్తు మిణుగుఱులతోనే. అనగా ఇంజనులోని ప్రతి మిణుగుఱును చిన్న రేడియో కేంద్రమే. మన ఆజ్ఞలను మోసుకొని వచ్చు తరంగమునకు అది గోల. నేటి 2.4 గిగాహెర్ట్జుల పరికరములు ఈ గోలను చాలవరకు లెక్కచేయవు. అయినను ఇంజను స్పార్కునకు ఒక బ్యాటరీ, రేడియో రిసీవరునకు వేఱుగా రెండు బ్యాటరీలు పెట్టి, రెంటిని అడుగు దూరమునకు తక్కువ కాకుండ నుంచితిమి. ఆజ్ఞ అందనిచో ఇంజను తనంతట తానే తగ్గిపోవునట్లు అమరించితిమి. దూరమునుండియే స్పార్కును ఆర్పు మీట ఒకటి వేఱుగా నున్నది.

కొందరు మిత్రులు విద్యుత్ మోటారు పెట్టరాదా యని అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న. కిలో పెట్రోలులో సుమారు పండ్రెండువేల వాట్-గంటల శక్తి యున్నది. కిలో లిథియం బ్యాటరీలో నూటయేబది మొదలు రెండువందలు. పెట్రోలులో అధికభాగము వేడియై పోయినను, తుదకు మిగులునది బ్యాటరీకంటె ఎన్నో రెట్లు. కాని మోటారునకు వణుకు లేదు, నూనె లేదు, మొండికేయుట లేదు. పొట్టిముక్కు విమానమునకు ఆ బ్యాటరీలే సీసమునకు బదులు పనిచేయును. వెల అందుబాటులో నున్నవారు దానినే ఎన్నుకొనుట అవివేకము కాదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట కష్ట మని మాత్రము మఱువరాదు. అయిదు సిలిండర్లను నక్షత్రమువలె పేర్చిన నిజమైన రేడియల్ ఇంజనులును ప్రతిమలకు కలవు. వాని శబ్దము వినినవారు వేఱొక శబ్దమును మెచ్చరు. వాని వెల వినిన మేము మా శబ్దముతోనే తృప్తిపడితిమి.

ఇప్పుడు మొదటి విమానము కథ.

ఇదే కొలతలతో కట్టితిమి. తూచగా ఇరువదినాలుగు కిలోలు వచ్చినది. చట్టపు హద్దునకు ఒక్క కిలో తక్కువ. కావున సరియే యనుకొంటిమి. తోక బరువెక్కినది. దానికి సరిపోవునంత సీసము వేసినచో హద్దు దాటును. అందుచే కొంత సీసము వేసి, తూకపు బిందువు ఒక వ్రేలెడు వెనుకకున్నను ఇంజను బలమే దిద్దుకొనునని మమ్ము మేము ఒప్పించుకొని, మొదట అనుకొన్నదానికంటె పెద్ద ఇంజనును బిగించితిమి. ఇందు మమ్మెవ్వరును మోసగింపలేదు. లెక్క మా యెదుటనే యుండెను. మేమే దానిని చూడ నొల్లకుంటిమి.

ఊరిబయట బీడున ఒక ఉదయమున ఎగురవేసితిమి. నలువది అడుగులు వేయునంత దూరములోనే చక్రములు నేలను విడిచినవి. ముప్పది మంది చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు ముగియకముందే ముక్కు పైకి లేచినది. నడపుచున్న మిత్రుడు క్రిందికి నొక్కెను. అది విని విననట్లు మఱింత లేచి, ఎడమకు వంగి, పట్టు వదలి, గిరగిర తిరుగుచు పడినది. ఇంజను కడవఱకు పూర్తి బలముతో నడచుచునే యుండెను. దానిని ఆర్పు మీట అప్పటికి మేము అమర్చలేదు. తుమ్మచెట్ల అవతల పడుటచే ఎచట పడినదో మాకు కనబడలేదు. చప్పుడు మాత్రము వినబడినది.

పరుగెత్తి పోయి చూడగా ప్రొపెల్లరు తునుకలై యుండెను. ఇంజను మూరెడు లోతు మంటిలో దిగియుండెను. దానికి నూఱడుగుల దూరమున పండ్రెండేండ్ల బాలుడొకడు మేకలతో నిలువబడియుండెను. అతడచట నున్నట్లు మాలో నెవ్వరికిని తెలియదు. అతడు ఏడ్వలేదు, పాఱిపోలేదు. మమ్ము చూచి, "ఇది మీదేనాండీ?" అని అడిగెను.

ఇంటికి పోయి లెక్కకట్టితిమి. ఇరువదినాలుగు కిలోల వస్తువు గంటకు నూట నలువది కిలోమీటర్ల వేగమున తాకినచో, మనిషి నెక్కించుకొన్న మోటారుసైకిలు గంటకు ఏబది కిలోమీటర్ల వేగమున వచ్చి గ్రుద్దిన దానితో సమానము. మోటారుసైకిలునకు ముందు ప్రొపెల్లరు ఉండదు. ఆ సాయంకాలము బాలుని తండ్రి మా యింటికి వచ్చెను. కేకలు వేయలేదు. గడపలోనే నిలిచి, "మావాడు పోయుంటే ఏం చెప్పేవాళ్ళండి?" అని ఒక్కమాట అడిగి, సమాధానమునకై కొంతసేపు చూచి వెళ్ళిపోయెను. మా యొద్ద సమాధానము లేదు. ఆ పిమ్మట ఎనిమిది నెలలు మాలో నెవ్వరును బాల్సా ముట్టలేదు. ఇద్దరు మిత్రులు ఇక రామనిరి, రాలేదు. వారిది పిఱికితన మని మేము అనము.

మిగిలినవారము మరల మొదలిడినప్పుడు ఇంజనును గూర్చి కడపట మాటలాడుట యని నియమము పెట్టుకొంటిమి. తోకను మూడుసార్లు కట్టి, మొదటిదానికంటె 400 గ్రాములు తగ్గించితిమి. దానితో ముక్కున కిలోకు పైగా సీసము మిగిలినది. తోకను కదల్చు సర్వోలను ముందుకు తెచ్చితిమి. రంగు ఒక్క పొర. అసలు థండర్‌బోల్టు చక్రపుకాళ్ళు మడుచుకొనునప్పుడు తొమ్మిదంగుళములు కుదించుకొనును. ఆ సొగసును మేమును అనుకరింప గోరితిమి గాని, దాని యంత్రపు బరువు చూచి విడిచితిమి. ఎఱిగినవారు ఎవరైనను అది లోపమని చెప్పినచో ఒప్పుకొందుము. ఇట్లు బరువు దిగిన పిదప, మొదటి విమానమునకు పెట్టినదానికంటె చిన్న ఇంజనే చాలినది. అది మీరు చూచినది.

ఎగురవేయుటకు బాలుని తండ్రిని అడుగబోయితిమి. ఆ బీడున ఆయనకు రెండెకరములున్నవి. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. మూడవసారి పోయినప్పుడు షరతు పెట్టెను: ఎగురవేయు దినమునకు ముందటి సాయంకాలము ఊరిలో దండోరా వేయింపవలయును; తుమ్మచెట్ల అవతల మా మనిషి యొకడు నిలిచి, చేను ఖాళీగా నున్నదని చేయి చూపిన గాని ఇంజను నడుపరాదు. ఆకాశపు పటమున ఆ చోటు పచ్చని భాగముననే యున్నది. అచట 400 అడుగుల ఎత్తునకు ప్రభుత్వమువారి అనుమతి అవసరము లేదు. ఆయన అనుమతి అవసరము. షరతును ఒప్పుకొని వచ్చితిమి.

సంక్రాంతి వెళ్ళి, కోతలు ముగిసి, చేలు ఖాళీయైన పిదప వచ్చు ఆదివారమున, ఎండ ఎక్కకముందు, గాలి నెమ్మదిగా నున్నచో ఎగురవేయుదుము. గాలి హెచ్చుగా నున్నచో ఎగురవేయము. వచ్చినవారు విసుగుకొనరాదని ప్రార్థన. చూడగోరువారు త్రాడు కట్టిన గీతకు వెనుకనే నిలువవలయును. పిల్లల చేతులు పెద్దలు పట్టుకొనవలయును. ఛాయాచిత్రములకై త్రాడు దాటినవారిని, వారెంత పెద్దవారైనను, వెనుకకు పొమ్మందుము. అందులకు ఇప్పుడే క్షమాపణ కోరుచున్నాము. మీరడిగిన గుఱ్ఱముల బలము సంగతి మఱువలేదు. సుమారు పది.